టేప్‌రికార్డర్‌కి పెట్టిన బొట్టు

అప్ప పోయిందని మల్కాపురం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. చేసింది ఆవిడ తమ్ముడి కోడలట. "మీకిమ్మని ఒక సంచీ పక్కన పెట్టించారండి. వీలు చూసుకుని వచ్చి పట్టుకెళ్ళండి" అంది. సంచీలో ఏముందని నేను అడగలేదు, నాకు తెలుసు. మిగిలిన కాయలు కూడా తుంచి, కూర పొయ్యి మీద పడేసి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే అప్పకి నచ్చేది కాదు.

సంచీలో ఉన్నది నల్లటి పాత టేప్‌రికార్డర్. మూత విరిగింది, బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. వాల్యూమ్ తిప్పే బిళ్ళ పక్కన ఒక స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. ఎర్రగా ఉండేది, ఇప్పుడు ఇటుకపొడి రంగుకి తిరిగింది. ఆ బొట్టు నాది. ఒకప్పుడు నా నుదుటి మీద ఉండేది. అంతకు ముందు ఆ చోట అప్ప బొట్టు ఉండేది. ఒక టేప్‌రికార్డర్‌కి ఇద్దరాడవాళ్ళ బొట్లు ఎందుకయ్యాయో చెబుతాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. నాకు బేసిక్ నేర్పిన మనిషి. ఇప్పటి పిల్లలకి బేసిక్ అంటే నవ్వు. అప్పట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్లు ఉండేవి, వాటికి పని చెప్పే భాష అది. కొత్తవాళ్ళకి కష్టం లేకుండా ఉండాలని తయారుచేశారట. ప్రతి వాక్యానికీ ముందు ఒక నంబరు. ప్రింట్ అంటే తెర మీద రాయమని, ఇన్‌పుట్ అంటే ఎదుటి మనిషిని ఒక మాట అడిగి ఆగమని, గోటూ అంటే ఫలానా నంబరు దగ్గరికి పొమ్మని. రన్ అని కొడితే మొదటినుంచీ చేసుకుంటూ పోతుంది. ఇంతే. ఇంతమాత్రానికి నేను గాజువాక దాటి బస్సులో వేలాడుతూ వెళ్ళేదాన్ని.

ఎనభైల నడుమ మాట. మా ఊరు స్టీల్‌ప్లాంటు కింద పోయింది. కాలనీలో ఇచ్చిన స్థలంలో రేకులు వేసుకుని ఉండేవాళ్ళం. ఉద్యోగాలొస్తాయన్న ఆశతో మా కాలనీ పిల్లలందరం టైపు నేర్చుకున్నాం. అది చేతికొచ్చేసరికి "టైపు పాతబడిపోయింది, ఇక కంప్యూటరే" అన్నారు ఎవరో. ఊళ్ళో కంప్యూటర్ ఎక్కడుందని ఆరా తీస్తే మల్కాపురంలో ఒక ఆవిడ వరండా దగ్గర తేలాం.

ఆవిడ భర్త సరుకు ఓడల మీద వైర్‌లెస్ ఆఫీసరు. సింగపూర్ నుంచి ఒక కీబోర్డు లాంటి పెట్టె తెచ్చి, సెలవులో ఉన్నన్నాళ్ళూ భార్యకి నాలుగు ముక్కలు నేర్పి, మళ్ళీ ఓడెక్కేశాడు. మిగతాది పుస్తకం ముందేసుకుని అప్ప తనే నేర్చుకుంది. తర్వాత, ఒక్కతే కూర్చుంటే తోచక, మాలాంటి వాళ్ళని పోగేసుకుంది.

మెషీన్ ఒక్కటి, మేం పదిమంది పైనే. అందుకని అందరికీ పలకలు ఇచ్చేది. ఒకటో తరగతి పిల్లలు రాసుకునే పలకలే. "కాయితం మీద రాత్తే తప్పు అలాగే ఉండిపోతాది. పలకైతే అరిసేత్తో తుడిసీడమే" అనేది. పలక మీద ప్రోగ్రాం సరిగ్గా వచ్చాకే మెషీన్ ముట్టనిచ్చేది. అంతకు ముందు వాకిట్లో నిలబెట్టి ఆడించేది. "నువ్వు పది, నువ్వు ఇరవై, నువ్వు ముప్ఫై." ఒక్కొక్కళ్ళం ఒక్కో వాక్యం. పది అనేవాడు తన మాట చెప్పి చెయ్యి దించితే ఇరవై అందుకోవాలి. గోటూ పలకవలసిన పిల్ల దిక్కులు చూస్తే అప్ప గుమ్మంలోంచి అరిచేది: "ఎక్కడికెల్లాల్నో సెప్పవేటే? మెషీను నీ మొహం సూసి తెలుసుకోదు!" రోడ్డు మీద పోయేవాళ్ళు మేమేదో నాటకం వేస్తున్నామనుకునేవారు.

మొదటిరోజు మెషీన్ ముందు కూర్చుని నేను పది అని కొట్టాను. తప్పంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పంది. మేం నేర్చుకున్న టైపు మెషీన్ల మీద ఒకటి అంకె ఉండేది కాదు, చిన్న ఎల్ కొట్టి అదే ఒకటి అనుకునేవాళ్ళం. నా వేలు దానంతటది ఎల్ మీదికి పోతోంది. అప్ప వెనక నిలబడి పగలబడి నవ్వింది. "ఓలమ్మా, టైపు లోయరు పాసై ఒచ్చినావేటే? మీ ఇనిస్టూటోళ్ళందరిదీ ఇదే రోగం." ఆ తర్వాత టైపు నుంచి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, ఆ నవ్వు నవ్వే అవకాశం కోసం అప్ప వాళ్ళని ముందుగా హెచ్చరించేది కాదు.

నంబర్లు పది, ఇరవై, ముప్ఫై అని ఎడమిచ్చి వేయించేది. "మద్దిలో మర్సిపోయింది తర్వాత గుర్తొత్తాది. దానికి సోటుండాల." ఇది మాత్రం నవ్వకుండా చెప్పేది. ఇంకో మాట రోజూ అనేది: "ఇది సెప్పింది సేత్తాది. సెప్పనిది సెయ్యదు. అబద్దం ఆడదు. మీ బావకన్నా నయం." మీ బావ అంటే ఓడలో ఉన్న ఆయన. మేం ఆవిడని అప్ప అన్నాం కనక ఆయన మాకు బావ. ఆయన్ని మాలో చూసినవాళ్ళు తక్కువ. నేనొకసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, ఏం మాట్లాడాలో తెలియక చేతులు కట్టుకుని నవ్వే మనిషి.

మనిషి మాటకారి కాదు, ఉత్తరం రాస్తే "క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను" దగ్గర ఆగిపోయేవాడు. అందుకని క్యాసెట్లు పంపేవాడు. ప్రోగ్రాంలు దాచుకోవడానికి అప్పట్లో పాటల క్యాసెట్లే వాడేవారు. టేప్‌రికార్డర్‌లో వేసి కంప్యూటర్‌కి తీగ తగిలిస్తే, కొన్ని నిమిషాలు కీచుమని మోత పెట్టి, ప్రోగ్రాం లోపలికి ఎక్కుతుంది. ఓడలో ఇంకొకాయన దగ్గర అలాంటి మెషీనే ఉండేదట. బావ దాని మీద రాసి, టేపు మీదికి ఎక్కించి, రేవుకి చేరగానే ఇంటికి పంపేవాడు. ఇక్కడ ఎక్కిస్తే తెర మీద ప్రశ్న వచ్చేది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు: "భోజనం అయిందా?" అప్ప లేదు అని కొట్టేది. "ముందు తిను, తర్వాత ఆడుకో" అని వచ్చేది. కావాలనే లేదు అని కొడుతుందని మాకందరికీ తెలుసు.

ఇంట్లో మామ్మ ఉండేది, బావ వాళ్ళమ్మ. కళ్ళకి పొరలొచ్చి, గడప పక్కన కూర్చుని చేత్తో తడుముకుంటూ చింతపండు గింజలు తీసేది. కంప్యూటర్ అంటే ఆవిడకి పడదు. అది తగిలిస్తే టీవీలో బొమ్మలు రావు. "సక్కని బొమ్మలు మానీసి అంకెలు సూత్తారేటే?" అని సణిగేది. ఆ కీచుమోత వినగానే మాత్రం గింజలు పక్కన పెట్టేది. "నా కొడుకే?" అనేది. తెలుగు కూడా చదవడం రాని మనిషి, తెర దగ్గరికొచ్చి కోడలి భుజం మీద చెయ్యేసి నిలబడేది.

ఒకసారి వచ్చిన టేపులో తల్లికోసమే ఒక ప్రశ్న పెట్టాడు. "అమ్మా, ఎలా ఉన్నావు?" అప్ప చదివి చెప్పింది.

"మోకాళ్ళు నొప్పులని సెప్పు" అంది మామ్మ.

అప్ప కొట్టింది. తెర మీద "సంతోషం" అని వచ్చింది. అప్ప నోరు నొక్కుకుంది. ఆ రోజు వరండాలో ఉన్న వాళ్ళమందరం తెరలోకి తొంగిచూసి మొహాలు దించుకున్నాం.

"ఏటన్నాడే?"

"సంతోషం అన్నాడత్తా."

"నా మోకాళ్ళు నొప్పులంటే ఆడికి సంతోసమా?" మామ్మ అక్కడే కూలబడి ఏడుపు అందుకుంది. అమ్మ బాగున్నానంటుందనుకుని పాపం ఒక్క జవాబే రాశాడని, ఏం కొట్టినా అదే వస్తుందని అప్ప ఎంత చెప్పినా వినదే. మేం నవ్వలేకా ఆపుకోలేకా చచ్చాం. అప్ప ఈ సంగతంతా ఉత్తరం రాసింది. ఈసారి అమ్మ చెప్పేదాన్ని బట్టి జవాబు వచ్చేలా రాస్తానని బావ రెండు ముక్కలు జవాబిచ్చాడు. మామ్మ ఆ ఉత్తరం పదేపదే చదివించుకుంది.

బొట్టు సంగతి ఆ రోజుల్లోదే. కీచుమోత ఎక్కువైనా తక్కువైనా ప్రోగ్రాం ఎక్కదు, తప్పు చూపించి ఊరుకుంటుంది. మేం ఇక్కడ చేసిన టేపులతో బాధ లేదు. ఓడ మీద చేసినవి ఎలా ఎక్కించేవాడో ఏమో, వాల్యూమ్ వెంట్రుక వాసి తేడా వచ్చినా మొరాయించేవి. ఒకనాడు సాయంత్రం దాకా తిప్పీ తిప్పీ ఎలాగో దొరకబుచ్చుకుంది అప్ప. వేలు ఆ బిళ్ళ మీదే ఉంచి, రెండో చేత్తో గుర్తు పెట్టడానికి పెన్సిలు వెతికింది. నల్ల పెట్టె మీద పెన్సిలు గీత కనపడదు. చటుక్కున నుదుటి మీది బొట్టు తీసి, బిళ్ళ మీది గీతకి ఎదురుగా పెట్టె మీద అంటించేసింది. "ఇదిగో, మీ బావ గొంతు ఇక్కడుంది" అంది. మా మొహాల్లో నవ్వు చూసి, సిగ్గుపడి, లోపలికెళ్ళి ఇంకో బొట్టు పెట్టుకొచ్చింది.

ఖాళీ క్యాసెట్లు అపురూపం. బావ టేపులు చూసుకోవడం అయ్యాక, వాటి మీదే మా ప్రోగ్రాంలు ఎక్కించేది. ఎందుకప్పా అంటే, "మళ్ళీ పంపుతాడు కదేటి" అనేది.

కబురు పోర్టు వైపునుంచే వచ్చింది. నడిసముద్రంలో బావకి గుండెనొప్పి. రేవుకి చాలా దూరంలో ఉన్నారట, సముద్రంలోనే సాగనంపేశారు. తల్లి చూసుకోవడానికి శవం కూడా లేదు. నెలలు గడిచాక కూడా మామ్మ ఆ మాటే అడిగేది, "నీటిలో ఎక్కడని ఎతకను?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళు మా విశాఖపట్నంలో ఎవరూ లేరు.

పదోరోజున మేం పిల్లలం వెళ్ళి వాకిట్లో నిలబడ్డాం. ఆ తంతు గురించి రాయడం నాకిష్టం లేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గాజులు, పువ్వులు, కుంకంభరిణె అన్నీ పోయాక, ఇంట్లో ఎర్రబొట్టన్నది మిగలకూడదని ఎవరో పెద్దావిడ అంది. మామ్మ లేచింది. ఏడుస్తూనే గోడలు తడుముకుంటూ, అద్దానికి అంటించి ఉన్న బొట్లు గీకేసింది. తర్వాత టీవీ బల్ల తడిమింది. టేప్‌రికార్డర్ మీద వేలికి తగిలిన బొట్టు కూడా పీకేసింది. మూలన కూర్చున్న అప్ప తల పైకెత్తింది. నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసేసి తల దించుకుంది.

కొన్నాళ్ళకి క్లాసు మళ్ళీ మొదలుపెట్టింది. బోడి నుదురుతో గుమ్మంలో నిలబడి, "ఏటలా సూత్తారు? పలకలు తీయండి" అంది. మీ బావకన్నా నయం అనడం మాత్రం మానేసింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, బల్ల మీద దుమ్ము తుడిచేది. మల్కాపురంలో దుమ్ముకి కొదవ లేదు. పోర్టు నుంచి ముడి ఇనుం, బొగ్గు ధూళి గాలికి ఎగిరొచ్చి, ఉతికిన బట్టల మీదా వండిన అన్నం మీదా కూడా పడేది.

ఓడ నుంచి బావ పెట్టె వచ్చింది అప్పుడే. నాలుగు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను, ఒక క్యాసెట్. క్యాసెట్ మీద ఇంటికి అని రాసి ఉంది.

ఇక ఆ ఇంట్లో వేరే ఆలోచన లేదు. ఆ టేపు ఎక్కాలి. ఆయన చివరిసారి ఏం అడిగాడో చూడాలి. అప్ప వాల్యూమ్ అటూ ఇటూ జరిపి వేసింది, ఎక్కలేదు. గుర్తు దొరకబుచ్చుకోవడానికి ఆయన పాత టేపు ఒక్కటీ లేదు, అన్నిటి మీదా మా ప్రోగ్రాంలే ఉన్నాయి. అలా వేస్తుంటే ఒకసారి టేప్‌రికార్డర్ టేపు నమిలేసింది. అప్ప మెల్లగా లాగి, ముడతలు గోటితో సాపుచేసి, పెన్సిలు పెట్టి చుట్టింది. ఆ తర్వాత వేసే ముందు ప్రతిసారీ టేపుని వెలుతురుకి పట్టి చూసేది. "తెగిపోతే ఇంక లేడు కదే" అంది నాతో.

మామ్మ గడప దగ్గర నుంచి అడిగేది. "కీసుమంటన్నాడు గానీ మాటాడ్డేటే?"

"టేపు సెమ్మెక్కిందత్తా. ఎండలో పెట్టినాను."

నేను అప్ప మొహంలోకి చూశాను. అప్ప కళ్ళతోనే నన్ను ఊరుకోమంది. గుర్తు పీకేసింది నువ్వే అని ఒక్కమాట అంటే తన కడుపులో బరువు కొంత దిగేది. అనలేదు.

చివరికి మామ్మే బయటపెట్టింది. ఒక మధ్యాహ్నం క్లాసు అయ్యాక నేనూ అప్పా వైర్లు చుడుతున్నాం. మామ్మ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. "ఈ పెట్టికి నీ బొట్టు అంటించుకున్నావు కదే, అదెందుకే?" అని అడిగింది. అప్ప వైరు చుట్టడం ఆపలేదు. నా నోరు ఆగలేదు. "బావ టేపుకి మోత ఎంత పెట్టాలో గుర్తు మామ్మా అది" అన్నాను.

మామ్మ చెయ్యి చాచి టేప్‌రికార్డర్‌ని ముట్టుకుంది. "నానే పీకీసినాను కదే" అంది. "ఆ బొట్టు నానే పీకీసినాను. నువ్వు సూత్తన్నావు కదే కోడలా, అప్పుడే ఒక్కమాట అనకపోయావా?"

"ఆ పూట నీకేటి సెప్తానత్తా" అంది అప్ప.

మామ్మ టేప్‌రికార్డర్‌ని ఒళ్ళోకి లాక్కుంది. వాల్యూమ్ బిళ్ళ చుట్టూ వేలితో నెమ్మదిగా రాసింది. ఒకచోట ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ అక్కడే ఆగింది. "ఇక్కడ గరుగ్గా ఉంది" అంది. బొట్టు పోయినా దాని జిగురు పోలేదు. ఆ జిగురుకి బొగ్గు ధూళి పట్టుకుని గుండ్రంగా ఆరిపోయింది. నల్ల పెట్టె మీద నల్లటి మరక, రోజూ తుడిచే అప్పకి కూడా కంటికి ఆనలేదు.

మామ్మ ఆ చోట వేలు తీయకుండా నా వైపు తిరిగింది. "గుంటా, నీ నుదుటి మీదిది ఇయ్యే. మా ఇంట్లో ఇప్పుడు బొట్టెక్కడిది?"

నేను తీసి ఇచ్చాను. ఎప్పుడో భర్తని పోగొట్టుకున్న ఆవిడ, తన చేత్తో ఆ టేప్‌రికార్డర్‌కి బొట్టు పెట్టింది. పెట్టి దండం పెట్టుకుంది.

అప్ప బిళ్ళని ఆ బొట్టు దాకా తిప్పి టేపు వేసింది. కీచుమోత మొదలైంది. మామ్మ అప్ప భుజం మీద చెయ్యేసింది, నేను వెనక గోడకి ఆనుకున్నాను. మోత ఆగింది. తప్పు అని రాలేదు. అప్ప రన్ అని కొట్టింది.

"అమ్మా, ఎలా ఉన్నావు?"

అప్ప చదివి చెప్పింది. పక్కన చిన్న చదరపు గుర్తు మినుకు మినుకుమంటూ జవాబు కోసం చూస్తోంది.

మామ్మ అంది: "బాగోలేదని సెప్పు."

అప్ప ఒక్కొక్క అక్షరమే కొట్టింది. తెర మీద జవాబు వచ్చింది. వెనకనుంచి నేనూ చదివాను.

"వస్తున్నానమ్మా."

"ఏటన్నాడే నా కొడుకు?"

అబద్ధం ఆడదు అని ఆ మెషీన్‌ని మాకు రోజూ పొగిడిన మనిషి, తెర వైపే చూస్తూ, మామూలు గొంతుతో చెప్పింది: "మందు రాసుకోమన్నాడత్తా."

"అలాగన్నాడా?" మామ్మ మొహం విచ్చుకుంది. "మోకాళ్ళ మాట గుర్తెట్టుకున్నాడే!" అంటూ లేచి, గూట్లో తడుముకుని నొప్పుల మందు సీసా తీసి, అక్కడే కూర్చుని రెండు మోకాళ్ళకీ రాసుకుంది. గదంతా ఆ ఘాటు వాసన. అప్ప కళ్ళు తుడుచుకుంటే మందు ఘాటే అనుకుంది మామ్మ.

ఆ ప్రోగ్రాంని అప్ప వెంటనే ఇంకో క్యాసెట్ మీదికి ఎక్కించుకుంది. ఇక ఆ గుర్తుతో పనిలేదు. అయినా బొట్టు ఎవరూ తీయలేదు. మామ్మ మాత్రం రోజూ దీపం వేళకి వచ్చి కూర్చునేది. "ఆణ్ణి అడగమను" అనేది. రన్ కొట్టడానికి ఏ మూడు బటన్లు నొక్కాలో తడుముకుని నేర్చుకుంది. ఆవిడకి వచ్చిన చదువల్లా అదే. ప్రశ్న రాగానే "బాగోలేదని కొట్టు" అనేది. ఇంకేమీ కొట్టనిచ్చేది కాదు. అప్ప కొట్టేది. వస్తున్నానమ్మా అని వచ్చేది. మందు రాసుకోమన్నాడు అని చెప్పేది.

"నిన్నా అదే అన్నాడు కదే?"

"నీ కొడుకు సంగతి తెలీదేటత్తా? ఒక్క మాటే పట్టుకుంటాడు."

మామ్మ నవ్వేది. ఆ నవ్వు కోసం అప్ప రోజూ ఏం మింగిందో నాకు తెలుసు. ఒకసారి ఉండబట్టలేక, "ఆ ఒక్క లైను మార్చేయరాదా అప్పా? మందు రాసుకో అని ప్రింటు పెడితే సరిపోతుంది. నువ్వే నేర్పావు కదా" అన్నాను. అప్ప నా మీద కోప్పడటం అదొక్కసారే. "మీ బావ రాసింది నానెలా సెరుపుతానే? నోటితో ఎన్నైనా అంటాను. సెరపను" అంది.

నాకు దువ్వాడ దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ప్లాంటులో కాదు, అక్కడ కంప్యూటరూ లేదు. టైపు మెషీనే, ఒకటికి మళ్ళీ ఎల్ కొట్టడమే. పెళ్ళయింది. మామ్మ పోయిందని తెలిసి అప్పని చూడటానికి వెళ్ళాను. వరండాలో పలకలు దొంతరగా పేర్చి ఉన్నాయి. క్లాసులు ఆపేసిందట. అందరూ పెద్ద ఇనిస్టిట్యూట్లకి పోతున్నారట.

టీ తాగాక అప్ప ఆ క్యాసెట్ వేసి, లిస్ట్ కొట్టింది. లిస్ట్ అంటే ప్రోగ్రాం అంతా వరసగా చూపించమని. బావ రాసిన వాక్యాలు తెర మీద నిలబడ్డాయి. బాగున్నానంటే సంతోషం. నొప్పులంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు. బాగోలేదంటే వస్తున్నానమ్మా. యాభై దాకా పదేసి చొప్పున వచ్చిన నంబర్లు, అక్కణ్ణుంచి ఒక్కసారిగా వందకి దూకాయి. వందలో ప్రోగ్రాం ఆగమని ఉంది. నడుమ ఏమీ లేదు.

"ఇక్కడ సోటు ఒదిలినాడు సూడు" అంది అప్ప, తెర మీద ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టి. "నాకేదో రాద్దామనుకున్నాడు. టైము సాల్లేదు."

ఊరికే అలా నంబరు వేసి ఉంటాడేమో అనిపించింది నాకు. అనలేదు. "నువ్వే ఏదైనా రాసుకోరాదా అప్పా అక్కడ?" అన్నాను.

"నాను రాత్తే నాను రాసినట్టే ఉంటాది కదే."

రన్ కొట్టింది. ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే తల్లి లేదు. అయినా ప్రశ్న వచ్చింది. అప్ప తనే, ఎవరూ చెప్పమనకుండానే, బాగోలేదు అని కొట్టింది. వస్తున్నానమ్మా అని వచ్చింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చాలా ఏళ్ళుగా నాలో ఉన్న మాట అప్పుడడిగాను. "అన్నిసార్లు మామ్మకి అలా చెప్పడానికి నీకు మనసెలా ఒప్పింది అప్పా?"

అప్ప తెర మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఆవిడికి మార్సి సదవడానికి నానున్నాను" అంది. "నాకు నానే సదూకోవాల కదే."

అని లేచి, టీవీ కట్టేసింది.